ఏడో వరస చూసినవా?

ఎత్తంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. సూరత్ శివారు భేస్తాన్‌లో మేముండే బిల్డింగుకు మూడే అంతస్తులు. ఉత్తరాయణ్ రోజున, అంటే సంక్రాంతినాడు, పిల్లలూ పెద్దలూ డాబా ఎక్కి పిట్టగోడ మీదికి వంగి పతంగులు ఎగరేస్తుంటే, నేను డాబా నడుమ ఉన్న నీళ్ల ట్యాంకుకు వీపు ఆనించి కూర్చుని దారం చుట్టిన ఫిర్కీ పట్టుకునేదాన్ని. ఫిర్కీ పట్టడమంటే నాకు సరదా అని అందరూ అనుకునేవాళ్లు. నేను కూడా అలాగే చెప్పుకునేదాన్ని.

అలాంటిదాన్ని కట్టడాల దగ్గర సేఫ్టీ ఉద్యోగంలో చేరడానికి కారణం ఒక్కటే. ఆ ఉద్యోగమంటే ఏమిటో నాకు సరిగా తెలియదు. సివిల్ డిప్లొమా అయ్యాక ఏడాదిపాటు సేఫ్టీ కోర్సు చేశాను. హెల్మెట్లు పెట్టించడం, బోర్డులు రాయించడం, రిజిస్టర్లు నింపడం, పొద్దున్నే పనివాళ్లను నిలబెట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పడం, ఇంతే అనుకున్నాను. మా బాపు మరమగ్గాల చప్పుడులో పనిచేసి చేసి ఇప్పుడు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. ఆయన నా ఉద్యోగం సంగతి విని, "చప్పుడు లేని పనే గదా, మంచిగుంటది" అన్నాడు.

నా మొదటి సైటు కామ్‌రేజ్ వైపు, హైవే నుంచి కాస్త లోపలికి. పన్నెండంతస్తుల అపార్టుమెంటు. చేరిన రోజున దాని ముందు నిలబడితే నాకు బిల్డింగు కనబడనే లేదు. చుట్టూ పరంజా, దానిమీద ఆకుపచ్చ వల. సూరత్‌లో పరంజాను పాలఖ్ అంటారు. నిలువు పైపులు, అడ్డ పైపులు, వాటిని కలిపి బిగించే క్లాంపులు, మనిషి నిలబడడానికి పలకలు. పలకలు పరిచిన ఒక్కో మట్టాన్ని ఒక వరస అంటారు. ఆ రోజుకు అది ఎనిమిదో వరస దాకా లేచింది.

నా పని ఏమిటో సైట్ ఇంజినీరు వివరించాడు. ఆయన గుజరాతీ, నెమ్మదస్తుడు, నన్ను చెల్లెల్ని పిలిచినట్టు బేన్ అని పిలిచేవాడు. రోజూ పొద్దున పనివాళ్లు ఎక్కకముందే పరంజా అంతా ఎక్కి చూడాలి. అంతా సరిగా ఉంటే నిచ్చెన మొదట్లో తేదీ వేసి, సంతకం చేసి పచ్చ కార్డు పెట్టాలి. లేకపోతే ఎర్ర కార్డు. ఎర్ర కార్డు ఉంటే యజమాని అయినా సరే నిచ్చెన మీద కాలు పెట్టకూడదు.

"అంతా ఎక్కాలా?" అని అడిగాను.

"ఎక్కకుండా ఎలా చూస్తావు బేన్?" అన్నాడాయన.

మొదటి రోజు నిజంగానే ప్రయత్నించాను. రెండో వరస దాకా ఎక్కాను. అక్కడ కాళ్ల కింద పలకల సందులోంచి ఇసుక కుప్ప కనబడింది. అంతే, అరచేతులు చెమటతో తడిసి పైపు జారిపోతున్నట్టనిపించింది. ఫోను వచ్చినట్టు నటించి దిగిపోయాను. మర్నాడూ అంతే. మూడో రోజునుంచి ఒక పద్ధతికి అలవాటు పడ్డాను. కింది రెండు వరసలు దగ్గరగా చూడడం, పైవన్నీ దూరం జరిగి మెడ ఎత్తి చూడడం. కిందినుంచి చూస్తే పైపు వంగిందా, పక్కన పట్టుకునే అడ్డ పైపు ఊడిందా అన్నది తెలుస్తుంది. పలక కొస పైపు మీద ఎంత మేరకు ఆనింది, దానికి కట్టు ఉందా లేదా అన్నది తెలియదు. తెలియదని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టేదాన్ని.

ఒక్క బెల్టుల విషయంలో మాత్రం గట్టిగా ఉండేదాన్ని. భుజాలకూ తొడలకూ బిగించే బెల్టు, దానికి రెండు తాళ్లు, ఒక్కో తాడు కొసకు ఒక కొక్కెం. కొక్కెం పైపుకు తగిలించకుండా పైన ఒక్కరు కనబడినా కిందినుంచే కేకలు పెట్టేదాన్ని. నా భయం నాకు చేయించిన ఒకే ఒక మంచి పని అది.

పరంజా కట్టే జట్టుకు పెద్ద ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మొదటి వారంలో ఆయన దగ్గరికి వెళ్లి, నిలువు పైపుల కింద పెట్టాల్సిన ఇనుప దిమ్మల గురించి హిందీలో ఏదో అడిగాను. ఆయన పక్కనున్నవాడి వైపు తిరిగి తెలుగులో, "ఈ పోరి ఏమంటున్నదో నాకైతే ఇనవడుతలేదు. అన్నిటికి తలకాయ ఊపుదాం, పోతది" అన్నాడు.

"పోను. దిమ్మలు పెట్టినంకనే పోత" అన్నాను తెలుగులోనే.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వాడు. "మనోల్ల పిల్లవా! ఏ ఊరు బిడ్డా?"

"మా బాపుది సిరిసిల్ల దిక్కు. నేను పుట్టింది ఈడనే."

"మాది జగిత్యాల దిక్కు. మగ్గాల మీద పనికని ఒచ్చిన. పదేండ్లు చేసిన. మగ్గాలు నా చెవులు తిన్నయి. ఇగ చాలని పైకెక్కిన" అంటూ పరంజా చూపించాడు. ఆ రోజునుంచి ఆయన్ని పెద్దబాపు అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయనకు వినిపించేది తక్కువ గనుక చేతులతో వినేవాడు. పైన ఎవరైనా నడుస్తుంటే కింద నిలువు పైపు మీద అరచెయ్యి ఆనించేవాడు. క్లాంపు వదులుగా ఉంటే ఆ అదురు వేరుగా ఉంటుందట. ఎన్నో వరసలో ఉందో చెప్పి మనిషిని పంపేవాడు. ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు.

నేను చేరిన రెండో నెలలో ఒక రోజు. పొద్దున ఎప్పటిలాగే కింది రెండు వరసలు చూసి, మెడ ఎత్తి తక్కినవి చూసి, పచ్చ కార్డు పెట్టాను. పదకొండు గంటలప్పుడు పైనుంచి ఒక అరుపు వినిపించింది. ఆ వెంటనే సిమెంటు తట్ట ఒకటి వల లోపలినుంచి పైపులకు తగులుతూ వచ్చి, నాకు పది అడుగుల దూరంలో ఇసుకలో కూరుకుపోయింది.

తల ఎత్తి చూశాను. ఏడో వరస దగ్గర ఒక మనిషి గాలిలో వేలాడుతున్నాడు. ఒడిశా నుంచి వచ్చిన ప్లాస్టరు మేస్త్రి. అతని బెల్టు కొక్కెం పై పైపుకు తగిలించి ఉంది. కాళ్లు అటూ ఇటూ తన్నుకుంటున్నాయి. ఇద్దరు పక్క పలక మీదికి పరుగెత్తి, చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. చూస్తూ నిలబడిన నాకు అది చాలాసేపు అనిపించింది గానీ, నిజానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

అతన్ని నెమ్మదిగా కిందికి దించారు. మోకాలి కింద చర్మం గీసుకుపోయింది, అంతే. కూర్చోబెట్టి నీళ్లిచ్చాం, తర్వాత టీ తెప్పించాం. అతను నవ్వుతూ ఏదో చెబుతున్నాడు గానీ, బెల్టు కొక్కేన్ని మాత్రం గుప్పిట్లోంచి వదలలేదు. 

జరిగింది ఇది. ముందు రోజు సాయంత్రం కరెంటు పనివాళ్లు గోడవెంట పైపు వెయ్యడానికి ఏడో వరసలో ఒక పలక జరిపారు. పని అయ్యాక మళ్లీ పెట్టారు గానీ, ఒక కొస అడ్డ పైపు మీద సరిగా ఆనలేదు. కట్టు కట్టలేదు. చూడడానికి మాత్రం వరసలో బాగానే ఉంది. ప్లాస్టరు మేస్త్రి ఆ కొసన కాలు వెయ్యగానే పలక తిరగబడింది.

పెద్దబాపు అంతా చూసి, పలకను తనే సరిచేసి కట్టి, కిందికి దిగాడు. దిగుతూ నిచ్చెన మొదట్లో ఉన్న పచ్చ కార్డు తీశాడు. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు.

"బిడ్డా, పొద్దుగాల ఏడో వరస చూసినవా?"

"చూసిన" అన్నాను.

ఆయన "మంచిది" అని కార్డు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు. ఇంటికి వెళ్లాక అమ్మ కూలికి తెచ్చిన చీర అంచుకు మెరుపు రాళ్లు అతికిస్తూ, "గట్లున్నవేందే?" అని అడిగింది. ఎండ తగిలిందన్నాను. ఒకే రోజు రెండో అబద్ధం. పెద్దబాపు నన్ను తిట్టి ఉంటే నాకు కోపం వచ్చేది, ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. ఆయన అన్నది "మంచిది" అని మాత్రమే.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆయన పైపుల కుప్ప దగ్గర ఒక్కడే ఉన్నాడు. వంగిన పైపులను పక్కకు తీస్తున్నాడు. ఆయనకు వినబడాలని దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పాను.

"నేను ఏడో వరస చూడలె పెద్దబాపు. రెండో వరస దాటి ఎన్నడు ఎక్కలె. నాకు భయం."

"ఎరుకే" అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

ఆయన నా బూట్ల వైపు చూపించాడు. "పైకెక్కినోల్ల బూట్లకు తడి ప్లాస్టరు అంటుతది. ఎండినా పోదు. నీయి నెలసంది చూస్తున్న. అంత మట్టే. ఒక్క తెల్ల సుక్క లేదు."

"మరి నాకెందుకు చెప్పలె?"

ఆయన చేతిలోని పైపు కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు చూస్తలెవ్వని ఎరుకై, నేనే రోజు పొద్దుగాల తిరిగి చూసుకుంటుంటి. కొత్త పిల్ల, మెల్లమెల్లగ నేర్చుకుంటది అనుకున్న. నిన్న ఊరినుంచి ఫోనొచ్చింది, పైన గాలికి ఇనవడదని ఐదో వరస కాన్నుంచే దిగిన. నీ తప్పు ఎంతనో నా తప్పు సుత అంతే బిడ్డా. నేను నీకు చెప్పకుండ కప్పిపెట్టిన. నువ్వు నేను చూస్తనని అనుకున్నవో లేదో గని, నీ కార్డు సూసి ఆ మేస్త్రి నమ్మిండు."

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు, "ఇంజినీరుకు చెప్పుతవా?"

"చెప్త."

"చెప్పు. నేను సుత ఒస్త."

ఇద్దరం వెళ్లాం. నిన్నటి సంఘటన మీద నేను రాసిన కాగితాన్ని ఇంజినీరు అప్పటికే చదువుతున్నాడు. దాన్ని వెనక్కి ఇమ్మని అడిగి, పై వరసలు తనిఖీ చెయ్యకుండానే కార్డు పెట్టానని కింద రాసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, నుదురు రుద్దుకున్నాడు.

"ఇది రాయకుండా ఉంటే నీకే మంచిది కదా బేన్?"

"రాయకపోతే కరెంటు వాళ్లొక్కరిదే తప్పు అయిపోతుంది సర్. వాళ్లదీ తప్పే. కానీ దాన్ని చూడాల్సింది నేను."

పెద్దబాపు తన వంతుగా హిందీలో తన సంగతి చెప్పాడు. ఇంజినీరు కాగితాన్ని ఫైల్లో పెట్టి, "పదిహేను రోజులు కార్డుల సంతకం నాది. నేనే ఎక్కి చూస్తాను. ఆ పదిహేను రోజుల్లో నువ్వు ఎక్కడం నేర్చుకో. రాకపోతే ఆఫీసులో రిజిస్టర్ల పని ఇస్తాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కానీ ఎక్కకుండా సంతకం మాత్రం ఇంకెప్పుడూ వద్దు" అన్నాడు.

నేర్పినవాడు పెద్దబాపే. పనివాళ్లు రావడానికి గంట ముందే నన్ను రమ్మన్నాడు. మొదటి రోజు బెల్టు తనే బిగించి చూశాడు. తొడల దగ్గర పట్టీ వదులుగా ఉందని విప్పించి మళ్లీ వేయించాడు. "పడ్డప్పుడు పట్టుకునేది గిదే. పడక ముందు గుచ్చుకుంటున్నదని వదులు చేసుకుంటరు. పడ్డంక బాధ పడుతరు" అన్నాడు.

కొక్కేలు రెండెందుకో కోర్సులో చదివాను. కానీ ఆయన చెప్పినప్పుడే నాకు అర్థమైంది. "ఒకటి తగిలిచ్చినంకనే ఇంకోటి ఇడువాలె. ఇడిసి తగిలిచ్చుడు గాదు. ఇడిసినంక తగిలిచ్చే లోపల్నే మనిషి పోతడు. ఆ నడుమ టైమే ఉండద్దు."

మొదటి రోజు మొదటి వరస మీదే కూర్చోబెట్టాడు. ఊరికే కూర్చొమ్మన్నాడు. రెండో రోజు రెండో వరస. అక్కడ నేను కళ్లు గోడకు అతికించుకుని నిలబడితే, "కిందికి చూడు" అన్నాడు.

"అందరు కిందికి చూడద్దంటరు గదా?"

"అనేటోల్లు కిందుంటరు. నువ్వు ఏడ నిలవడ్డవో, కాలికింద ఏమున్నదో, పలక కొస ఏడ ఆనిందో చూడకుంటె భయం ఎట్ల పోతది? చూడు. జర సేపు చూడు. కండ్లు తిరిగితె కూసో. కూసున్నోల్లు పడరు."

చూశాను. ఇసుక కుప్ప, నీళ్ల డ్రమ్ము, నా సంచీ, టీ తెచ్చేవాడి సైకిలు కనబడ్డాయి. చాలాసేపు చూశాక అవి వస్తువుల్లాగే కనబడ్డాయి. కాళ్లు వణకడం మాత్రం ఆగలేదు. "వణుకుతున్నయి పెద్దబాపు" అన్నాను. "నాయి సుత వణుకుతుండె. ఇప్పుడు వయసైతున్నది, మల్ల మొదలైతయేమో" అని నవ్వాడు.

నాలుగో వరస ఎక్కడానికి నాకు ఆరు రోజులు పట్టింది. అక్కడ ఒక రోజు ఏ కారణమూ లేకుండా చేతులు బిగుసుకుపోయాయి. పైపు వదలలేను, దిగలేను. ఆయన తొందరపెట్టలేదు. పక్కనే కూర్చుని, ప్రతి పలకకూ రెండు కొసలు, ఒక్కో కొస పైపు దాటి ఎంత బయటికి ఉండాలి, కట్టు ఎటువైపు వెయ్యాలి అన్నది చెబుతూ పోయాడు. నా చెయ్యి పట్టుకుని పలక కొస మీద పెట్టించాడు. చేతికి పని దొరికేసరికి బిగువు తగ్గింది. భయాన్ని పోగొట్టుకోవడానికి నేను ఇన్నాళ్లూ భయం గురించే ఆలోచించాను. పలక గురించి ఆలోచిస్తే అది దానంతట అదే కాస్త పక్కకు జరిగింది.

పన్నెండో రోజు ఏడో వరస ఎక్కాను. అప్పుడు తిరగబడిన ఆ పలక మీదే నిలబడ్డాను. పద్నాలుగో రోజు పదో వరస. అది అప్పటికి పైవరస. అక్కడినుంచి చెరకు తోటలూ హైవే మీద లారీలూ దూరంగా తాపీ నది కనబడ్డాయి గానీ, నిజం చెప్పాలంటే వాటివైపు ఒక్కసారే చూశాను. తక్కిన సమయమంతా క్లాంపులే చూశాను. ఒకటి వదులుగా దొరికింది. పెద్దబాపు పానా నా చేతికిచ్చి నన్నే బిగించమన్నాడు.

మర్నాడు కార్డు మీద మళ్లీ నా సంతకం. ఆ ఉదయం ఎక్కి దిగడానికి గంటన్నర పట్టింది. పనివాళ్లు కింద నిలబడి ఎదురుచూశారు. ఎవరో గొణిగారు. ఒడిశా మేస్త్రి మాత్రం, "చూడనీ, చూడనీ" అన్నాడు.

చలికాలం అలాగే గడిచింది. హోళీ తర్వాత ఎండలు ముదిరాయి. పరంజా పన్నెండు వరసలూ పూర్తయింది. ఒక రోజు పొద్దున నేనూ పెద్దబాపూ పదకొండో వరసలో ఉన్నాం. ఆయన ముందు, నేను వెనక. మలుపు దగ్గర ఆయన ఆగి, నిలువు పైపుకు నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత కొక్కెం తగిలించబోయి ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పాడు. మూడోసారి తగిలింది. అప్పటికి ఆయన రెండో కొక్కెం విప్పేసి ఉంది.

"పెద్దబాపు, ఏమైంది?"

"ఏం గాలె. నిద్ర సాలలే."

ఇద్దరం నెమ్మదిగా దిగాం. మర్నాడు మళ్లీ గమనించాను. నిచ్చెన దగ్గర అదే పని, నుదురు ఆనించి ఆగడం. ఇంకెవరైనా అయితే వెంటనే ఆపేదాన్ని. ఈయన్ని ఆపడానికి నాకు నోరు రాలేదు. నాలుగు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పనివాళ్లకు ముందు నేనే ఎక్కుతున్నాను గదా, ఆయన పక్కనే ఉంటున్నాను గదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఐదో రోజున, నెలరోజులపాటు నా తప్పును ఆయన కప్పినట్టే ఇప్పుడు ఆయన తలతిప్పును నేను కప్పుతున్నానని తోచింది. అప్పుడు ఒక మనిషి గాలిలో వేలాడాడు.

ఎత్తులో పనిచేసేవాళ్లకు మా దగ్గర ఒక పాసు ఉంటుంది. డాక్టరు చూసి బాగున్నాడంటేనే దాన్ని నేను ఇవ్వాలి. ఆయన పాసు గడువు ఆ నెలతో ముగుస్తోంది.

"పెద్దబాపు, దవాఖానకు పోదాం. డాక్టరు చూసినంకనే మల్ల ఎక్కు."

"నాకేమైంది? నువ్వు పుట్టకముందు నుంచి ఎక్కుతున్న."

"కొక్కెం రెండుసార్లు తప్పినవు. రెండోది ఇడిసి ఉండె. నేను చూసిన."

ఆయన మొహం ముడుచుకుపోయింది. "అంటే నాకు పాసు ఇయ్యవా?"

"ఇయ్య."

"ఎక్కుడు నేర్పింది నేను. నన్నే దించుతున్నవు."

ఆ మాట ఆయన మెల్లగా అనాలనుకున్నాడేమో. చెవుడు గనుక సైటంతా వినబడింది. జట్టువాళ్లు పని ఆపి చూశారు. నేను "అవు" అన్నాను. ఆయన బెల్టు విప్పి నా ముందు పెట్టి, పైపుల కుప్ప దగ్గరికి వెళ్లి, నాకు వీపు చూపించి కూర్చున్నాడు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో బాపుకు చెప్పాను. ఆయన అన్నం తింటూ అంతా విని, "మగ్గాల మీద గూడ గంతే. కండ్లు మసకైతె పోగు కనవడదు. అప్పుడు మనిషి ఏమంటడు? బల్బు మంచిగ లేదు, మార్చుమంటడు. నేను సుత అన్న. ఆ కోపం నీ మీద గాదు. రెండు పొద్దులు కానియ్యి" అన్నాడు.

మూడో రోజు పొద్దున పెద్దబాపు నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "నీ బండి మీద తీస్కపోతవా?" అని అడిగాడు.

స్కూటీ మీద తీసుకెళ్లాను. డాక్టరు బీపీ చూశాడు, చెవులు చూశాడు, కళ్లు మూయించి ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నిలబడలేకపోయాడు. మళ్లీ ప్రయత్నిస్తానని తనే అడిగాడు. మళ్లీ నిలబడలేకపోయాడు. బీపీ చాలా ఉందనీ, లోపలి చెవి కూడా దెబ్బతిన్నదనీ, మాత్రలు వేసుకుంటే బాగానే ఉంటాడు గానీ ఇక ఎత్తులో పని వద్దనీ డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పిందంతా నేను ఆయన చెవిలో తెలుగులో గట్టిగా చెప్పాను. ఆ మాటలు నా నోటితో చెప్పాల్సి రావడం కష్టంగానే ఉంది.

బయటికి వచ్చి చెరకురసం బండి దగ్గర కూర్చున్నాం. ఆయన గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ, "పైన మంచిగుంటుండె బిడ్డా. గాలి ఒస్తుండె. మగ్గాల్ల గాలే లేకుండె" అన్నాడు.  గ్లాసు ఖాళీ చేసి, "ఇగ నేను సైట్ల ఏం చెయ్యాలె?" అన్నాడు.

ఆ సంగతి నేను ముందే ఇంజినీరుతో మాట్లాడి ఉంచాను. పైకి పోయే ప్రతి పైపూ, ప్రతి క్లాంపూ, ప్రతి పలకా ముందు ఆయన చేతుల్లోంచి పోవాలి. ఆయన వద్దన్నది పైకి వెళ్లకూడదు. పైనున్నవి కూడా విడతలుగా మార్పించి కిందికి తెప్పించుకుని, పెద్దబాపు మొదటి వారంలోనే నెర్రెలు పడిన క్లాంపులు ఒక సంచీ నిండా పక్కన పడేశాడు. ఇన్నాళ్లూ అవి పైనే ఉన్నాయి. వాటిమీదే మేమందరం తిరిగాం.

వర్షాలకు ముందే బిల్డింగు రంగులు పూర్తయ్యాయి. పరంజా విప్పే రోజు వచ్చింది. కట్టేటప్పటి కంటే విప్పేటప్పుడే మనుషులు ఎక్కువ తొందరపడతారని, పని అయిపోయిందన్న ధీమాతో పైపులు కిందికి విసురుతారని పెద్దబాపు ముందే జట్టుకు చెప్పాడు. పైనుంచి కిందికి, ఒక్కో వరస, ప్రతి పైపూ తాడుతోనే దిగాలి. గోడకు కట్టిన కట్లు ఆ వరస వంతు వచ్చినప్పుడే విప్పాలి. కింద తాడు కట్టి చుట్టూ ఎవరినీ రానివ్వకుండా చూసే పని ఆయనది, పై వరసలో ఉండే పని నాది. అరిస్తే ఆయనకు వినబడదు గనుక చేతి సైగలు ఖాయం చేసుకున్నాం. చెయ్యి పైకెత్తితే ఆగాలి. కిందికి ఊపితే తాడు వదలాలి.

నాలుగు రోజులు పట్టింది. ఒక్క వస్తువు కూడా చేయిజారి పడలేదు. మూడో రోజు ఎవరో సెల్‌ఫోన్లో మాట్లాడుతూ తాడు దాటి లోపలికి రాబోతే, పెద్దబాపు చెయ్యి ఎత్తి పని మొత్తం ఆపించాడు. ఆ మనిషి బిల్డర్ దగ్గరి బంధువని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పెద్దబాపు తాడు దించలేదు.

చివరి పైపులు లారీ ఎక్కిన మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. సామానంతా ఇచ్ఛాపూర్ దగ్గర కొత్త ఫ్యాక్టరీ షెడ్డు కట్టే చోటికి పోతోంది. జట్టూ అక్కడికే, ఒక వారం తర్వాత నేనూ అక్కడికే. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాక, పెద్దబాపు లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక బయటికి పొడుచుకొచ్చిన పైపుల కొసలకు, వెనక వచ్చే బండ్లకు కనబడేలా కట్టాల్సిన ఎర్రగుడ్డ లేదు.

"కాకా, గంట దూరం కూడా లేదు" అన్నాడు డ్రైవరు.

పెద్దబాపుకు వినబడలేదో, విననట్టు ఊరుకున్నాడో తెలియదు. మెడలోని ఎర్ర తువ్వాలు తీసి, పైపుల కొసలకు ముడివేసి, ఆ ముడి రెండుసార్లు లాగి చూశాడు. అప్పుడు ముందుకొచ్చి, డ్రైవరు పక్కసీట్లో ఎక్కి కూర్చున్నాడు.